సూర్యుడిలో దొరికిన వాయువు – గుంటూరులో మొదలైన కథ

– ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థి, మన హాస్టల్ పూర్వ విద్యార్థి

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఇనుము ఎక్కడ దొరికింది? భూమిలో. బంగారం? భూమిలో. ఆక్సిజన్? మనం పీల్చే గాలిలో. మనిషికి తెలిసిన మూలకాలన్నీ ఏదో ఒక రాయిలోనో, నీటిలోనో, గాలిలోనో దొరికాయి. కొన్నింటిని ప్రయోగశాలలో తయారు చేశారు. కానీ ఒక్క మూలకం మాత్రం ముందు సూర్యుడిలో కనబడింది. ఆ తర్వాత 27 ఏళ్లకు గానీ భూమి మీద చేతికి చిక్కలేదు. అదే హీలియం. తిరునాళ్లలో దారం వదిలితే పైకి ఎగిరిపోయే బెలూన్లలో నింపే వాయువు.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ఈ కథ లండన్‌లోనో పారిస్‌లోనో మొదలు కాలేదు. గుంటూరులో మొదలైంది. మచిలీపట్నం, వనపర్తి, కాకినాడ కూడా ఇందులో ఉన్నాయి. మన సైన్సు పుస్తకంలో మాత్రం "హీలియం – పరమాణు సంఖ్య 2 – జడవాయువు" అని ఒక్క ముక్క ఉంటుంది. బిట్ పేపర్లో దాని విలువ ఒక్క మార్కు. ఆ ఒక్క మార్కు వెనక ఎంత కథ ఉందో, ఎలాంటి మనుషులు ఉన్నారో ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

"అది ఎప్పటికీ తెలియదు!"

ఫ్రాన్స్‌లో ఆగస్ట్ కాంట్ అని గొప్ప తత్వవేత్త ఉండేవాడు. ఆయన 1835లో ఒక మాట రాశాడు. నక్షత్రాలు ఎంత దూరంలో ఉన్నాయో, ఎలా కదులుతున్నాయో మనం లెక్కగట్టగలం గానీ, అవి ఏ పదార్థాలతో తయారయ్యాయో మనిషికి ఎప్పటికీ తెలియదు అన్నది ఆ మాటల సారాంశం. ఆలోచిస్తే నిజమే అనిపిస్తుంది. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అక్కడికి వెళ్లలేం. వెళ్లినా పిడికెడు మట్టి తీసుకురావడానికి అక్కడ మట్టే లేదు. ఇక ఎలా తెలుస్తుంది?

కాంట్ 1857లో చనిపోయాడు. సరిగ్గా రెండేళ్లకు, 1859లో, సూర్యుడిలో ఏముందో చెప్పే పద్ధతి దొరికింది. "ఎప్పటికీ కాదు" అన్న మాట పాతికేళ్లు కూడా నిలవలేదు. ఆ పద్ధతికి తలుపు తెరిచినవాడు పెద్ద చదువులు చదివినవాడు కాదు. అద్దాలు చేసే కొట్లో పనిచేసిన అనాథ కుర్రాడు.

కూలిన ఇంటి కింద దొరికిన పిల్లవాడు

జర్మనీలో 1787లో జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ పుట్టాడు. ఇంట్లో పదకొండో సంతానం. పదకొండేళ్లు నిండేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మ్యూనిక్ నగరంలో అద్దాలు చేసే ఒక యజమాని దగ్గర జీతం లేని పనికి కుదిర్చారు. ఆ యజమాని పని చేయించుకున్నాడే గానీ చదువుకోనివ్వలేదు. ఆదివారం బడికి కూడా పోనివ్వలేదు. 1801లో ఆ ఇల్లు కూలిపోయింది. పద్నాలుగేళ్ల జోసెఫ్ శిథిలాల కింద చిక్కుకున్నాడు. గంటల తరబడి తవ్వి ప్రాణాలతో బయటికి తీశారు. ఆ దృశ్యాన్ని చూడడానికి స్వయంగా ఆ రాజ్యపు పాలకుడే వచ్చాడు. బతికి బయటపడ్డ పిల్లవాడి చేతిలో కొంత డబ్బు పెట్టాడు. అక్కడికి వచ్చిన మరో పెద్దమనిషి పుస్తకాలు ఇచ్చాడు.

మనలో చాలామందికి స్కాలర్‌షిప్ డబ్బు చేతికొస్తే ఏం చేస్తామో మనకు తెలుసు. జోసెఫ్ ఆ డబ్బుతో అద్దాలు సానబట్టే యంత్రం కొనుక్కున్నాడు. పుస్తకాలు కొనుక్కున్నాడు. మిగిలినది యజమానికి కట్టి ఆ పని నుంచి విడుదల పొందాడు! తర్వాత కొద్దికాలానికే ఐరోపాలో అతనంత బాగా అద్దాలు చేసేవాడు లేడని పేరు వచ్చింది.

పట్టకం గుండా ఎండను పంపితే ఏడు రంగులు వస్తాయని న్యూటన్ అంతకు ముందే చూపించాడు కదా. 1814లో ఫ్రాన్‌హోఫర్ తాను చేసిన మేలురకం పట్టకంతో ఆ రంగుల పట్టీని పెద్దది చేసి చూశాడు. రంగుల మధ్య అక్కడక్కడా సన్నటి నల్లగీతలు కనబడ్డాయి. ఒకటీ రెండూ కాదు, 570కి పైగా! ఎవరో ఇంద్రధనుస్సు మీద సూదితో గీతలు గీసినట్టు. ఎప్పుడు చూసినా అవే గీతలు, అవే స్థానాల్లో. అవి ఏమిటో అతనికి తెలియలేదు. కానీ ఓపికగా వాటి స్థానాలు కొలిచి, ముఖ్యమైన వాటికి ఏ, బి, సి, డి అని పేర్లు పెట్టి వెళ్లాడు. 39వ ఏట క్షయతో చనిపోయాడు. ఆ 'డి' అక్షరాన్ని గుర్తుపెట్టుకోండి. మన కథలో అది మళ్లీ వస్తుంది.

ఉప్పు పడితే మంట ఎందుకు పసుపు?

మా ఇంట్లో డిగ్రీ మెట్టు ఎక్కినవాణ్ని నేనే మొదటివాణ్ని. పండక్కి ఊరెళ్లినప్పుడు మా నాన్న ఒకసారి అడిగారు: "సూర్యుడిలో ఆ గ్యాసుంది, ఈ గ్యాసుంది అంటారు గదరా, ఎవరు పోయి చూసొచ్చారు?" చాలా మంచి ప్రశ్న. ఆగస్ట్ కాంట్‌కు వచ్చిన సందేహమే అది! దానికి జవాబు మన వంటింట్లోనే ఉంది.

హాస్టల్ వంటగదిలో సాంబారు పొంగి స్టవ్ మీద పడినప్పుడు గమనించారా? అప్పటిదాకా నీలంగా ఉన్న మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా లేస్తుంది. అది సాంబారు రంగు కాదు, పసుపు రంగూ కాదు. సాంబారులో వేసిన ఉప్పు. ఉప్పులో సోడియం ఉంటుంది. సోడియం వేడెక్కితే ఎప్పుడూ ఆ పసుపు వెలుగే ఇస్తుంది. ఒకప్పుడు మన రోడ్ల మీద పసుపుపచ్చగా వెలిగిన సోడియం దీపాల వెలుగు కూడా అదే. రాగి లవణాలు ఆకుపచ్చగా, పొటాషియం లేత ఊదాగా మండుతాయి. దీపావళి మందుల్లో రంగులు వచ్చేది కూడా ఇలాగే.

కంటికి పసుపు అనిపించినది అంతా సోడియం అనుకుంటే పొరపాటు పడతాం. అందుకే ఆ వెలుగును పట్టకం గుండా పంపి చూడాలి. అప్పుడు ప్రతి మూలకానికీ తనవే అయిన కొన్ని గీతలు కనబడతాయి. ఇద్దరు మనుషుల వేలిముద్రలు ఒకటి కానట్టే, రెండు మూలకాల గీతలు ఒకటి కావు. బయోమెట్రిక్ యంత్రం మీద వేలు పెట్టగానే మన పేరు ఎలా వస్తుందో, వెలుగును పట్టకం గుండా పంపగానే మూలకం పేరు అలా బయటపడుతుంది. ఇలా వెలుగును విడదీసి చూసే పరికరమే వర్ణపటదర్శిని.

1859లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ సంగతి తేల్చారు. ఇంకొక సంగతి కూడా చెప్పారు. వేడి వాయువు ఏ రంగు గీతలను వెలిగిస్తుందో, దాని వెనక నుంచి అంతకన్నా వేడైన ప్రకాశవంతమైన వెలుగు వస్తే, సరిగ్గా ఆ రంగులనే మింగేస్తుంది. అక్కడ నల్లగీత మిగులుతుంది. అంటే ఫ్రాన్‌హోఫర్ చూసిన నల్లగీతలు సూర్యుడి పై పొరల్లోని మూలకాల వేలిముద్రలన్నమాట! అతను 'డి' అని పేరు పెట్టిన జంట గీతలు సోడియానివి. మన సాంబారులోని ఉప్పు, సూర్యుడిలోని సోడియం ఒకే సంతకం పెడుతున్నాయి. నాన్న ప్రశ్నకు ఇదే జవాబు. ఎవరూ పోయి చూడలేదు, ఆ వెలుగే ఇక్కడికి వచ్చి చెప్పింది.

1868 ఆగస్టు 18, గుంటూరు

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. సూర్యుడి అంచున ఎర్రటి జ్వాలలు లేస్తుంటాయని అప్పటికే తెలుసు. వాటిని సౌరజ్వాలలు అంటారు. కానీ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిన ఆ కొద్ది నిమిషాలు తప్ప అవి కనబడవు. రాత్రి ఎదురుగా లారీ వస్తుంటే దాని హెడ్‌లైట్ల వెలుగుకు పక్కన నిలబడ్డ క్లీనరు కనబడతాడా? లైట్లు ఆర్పితే కనబడతాడు. చంద్రుడు అడ్డం వస్తే సూర్యుడి లైట్లు ఆర్పినట్టే.

1868 ఆగస్టు 18న వచ్చిన గ్రహణం చాలా పెద్దది. దాని నీడ మన దేశం మీదుగా, మన తెలుగు ప్రాంతాల మీదుగా, సయాం దేశం వైపు సాగింది. కొత్తగా దొరికిన వర్ణపటదర్శినితో సౌరజ్వాలలను చూసే అవకాశం ఇదే. అందుకే ఐరోపా నుంచి శాస్త్రవేత్తలు ఓడలెక్కి వచ్చారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియరీ జాన్సెన్ గుంటూరును ఎంచుకున్నాడు. అక్కడ ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో తన పరికరాలు బిగించుకున్నాడు. బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెన్నంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి నాయకత్వంలో మరో బృందం నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లింది. రఘునాథాచారి అంతకు ముందు ఏడాదే, 1867లో, వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక నక్షత్రాన్ని కనిపెట్టిన మన దేశీయుడు.

జాన్సెన్ గురించి రెండు మాటలు చెప్పాలి. చిన్నప్పుడు జరిగిన ప్రమాదంలో అతనికి కాలు కుంటుపడింది. అందరిలా బడికి వెళ్లి చదువుకోలేదు. కుటుంబం గడవక బ్యాంకులో చిన్న ఉద్యోగం చేస్తూ చదువుకున్నాడు. 28 ఏళ్లకు డిగ్రీ అందుకున్నాడు. 36 ఏళ్లకు డాక్టరేట్. అలాంటివాడు 44 ఏళ్ల వయసులో పరికరాలు వెంటబెట్టుకుని గుంటూరు దాకా వచ్చాడు.

ఆ ఉదయం చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పేశాడు. అయిదు నిమిషాలకు పైగా చీకటి. జాన్సెన్ తన పరికరంలో సౌరజ్వాలల వైపు చూశాడు. నల్లగీతలు కాదు, మెరిసే రంగు గీతలు కనబడ్డాయి. అంటే ఆ జ్వాలలు వేడి వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చు కదా అని అతనికి అక్కడికక్కడే తట్టింది. ఆ సాయంత్రం మబ్బు పట్టింది. మర్నాడు, ఆగస్టు 19 ఉదయం, మామూలు ఎండలో ప్రయత్నించాడు. కనబడ్డాయి! ప్రపంచంలో మొదటిసారి గ్రహణం లేకుండా సౌరజ్వాలలను చూసింది మన గుంటూరులోనే.

అదెలా సాధ్యమో ఒక ఉదాహరణతో చెబుతాను. బకెట్ అడుగున నాలుగు గోళీలున్నాయి. పైన నిండా మురికినీళ్లు. గోళీలు కనబడవు. ఆ బకెట్‌ను వరండాలో కుమ్మరించండి. నీళ్లు పలచగా నేలంతా పరుచుకుంటాయి. గోళీలు మాత్రం గోళీల్లాగే మిగిలి బయటపడతాయి. ఆకాశంలోని ఎండ వెలుగు అన్ని రంగులూ కలిసినది. పట్టకం దాన్ని పొడుగ్గా పరిచేసరికి పలచనైపోతుంది. సౌరజ్వాలల వెలుగు రెండు మూడు గీతల్లోనే ఉంటుంది కాబట్టి పలచబడదు. అందుకే పట్టపగలు కూడా కనబడుతుంది.

మరి హీలియంను కనిపెట్టింది ఎవరు?

"జాన్సెన్ గుంటూరులో హీలియంను కనిపెట్టాడు" అని చాలాచోట్ల రాస్తుంటారు. పోటీపరీక్షల పుస్తకాల్లో కూడా ఉంటుంది. అది సగం నిజమే. మనది గుంటూరు అని సంబరపడుతూనే మిగతా సగం కూడా తెలుసుకోవాలి.

ఆ రోజు జ్వాలల్లో ఒక పసుపు గీత కూడా మెరిసింది. చాలామంది దాన్ని సోడియం గీత అనుకున్నారు. అంటే మన 'డి'. మచిలీపట్నంలో ఉన్న పోగ్సన్ మాత్రం ఆ గీత సోడియం స్థానంతో సరిగ్గా కలవడం లేదని గమనించి తన నివేదికలో రాశాడు. జాన్సెన్ ధ్యాస అంతా తన కొత్త పద్ధతి మీద ఉంది. ఆ సంగతిని వివరిస్తూ కాకినాడ నుంచి పారిస్‌లోని సైన్స్ అకాడమీకి ఉత్తరం రాశాడు.

అదే సమయంలో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ అనే ఆయన ఉన్నాడు. ఉద్యోగం యుద్ధ కార్యాలయంలో గుమస్తా. యూనివర్సిటీ డిగ్రీ లేదు. ఖాళీ సమయంలో సూర్యుణ్ణి చూడడం అలవాటు. జాన్సెన్‌కు తట్టిన ఉపాయమే అతనికి అంతకు ముందే తట్టింది గానీ తగిన పరికరం చేతికి రాలేదు. అక్టోబరులో పరికరం వచ్చింది. 1868 అక్టోబరు 20న, గ్రహణం లేకుండానే, తన దేశంలోనే కూర్చుని అతనూ సౌరజ్వాలలను చూశాడు. విచిత్రం చూడండి. కాకినాడ నుంచి సముద్రం మీద నెలకు పైగా ప్రయాణం చేసిన ఉత్తరం, ఇంగ్లండ్ నుంచి వచ్చిన సమాచారం అక్టోబరు 26న అకాడమీ ఒకే సమావేశంలో విన్నది. ఎవరు ముందు అన్న తగాదా లేకుండా ఇద్దరికీ గౌరవం దక్కింది. 1872లో ఫ్రాన్స్ ఇద్దరి ముఖాలూ పక్కపక్కనే ముద్రించి పతకం తయారు చేసింది.

లాకియర్ ఆ పసుపు గీతను వదల్లేదు. జాగ్రత్తగా కొలిచాడు. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే ఇది 587.6 దగ్గర ఉంది. తేడా ఎంత? ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో రెండు భాగాలు కూడా లేదు! అంత చిన్న తేడాను "పోనీలే" అనకుండా పట్టుకున్నాడు. తెలిసిన మూలకాలలో దేనితోనూ ఆ గీత కలవలేదు. ఇది సూర్యుడిలో ఉన్న కొత్త మూలకం అయి ఉండాలని అనుకున్నాడు. గ్రీకు భాషలో 'హీలియోస్' అంటే సూర్యుడు. అందుకే హీలియం. అది లోహం అనుకున్నారు కాబట్టి సోడియం, పొటాషియంలాగా చివర 'యం' వచ్చింది. దాని తోబుట్టువులైన నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్ పేర్లు చూడండి, ఎలా వేరుగా ఉన్నాయో! ఆవర్తన పట్టికలో ఇప్పటికీ ఉన్న చిన్న పొరపాటు అది.

కాబట్టి మిత్రులారా, హీలియంను ఒక్కరు కనిపెట్టలేదు. గుంటూరులో దారి దొరికింది, మచిలీపట్నంలో అనుమానం పుట్టింది, ఇంగ్లండ్‌లో పేరు వచ్చింది. సైన్సు సాధారణంగా ఇలాగే నడుస్తుంది.

నవ్వినవారూ ఉన్నారు

సూర్యుడిలో మాత్రమే ఉండి భూమి మీద లేని మూలకమా అని చాలామంది నమ్మలేదు. ఒక్క గీతను చూసి మూలకం అంటే ఎలా అన్నారు. లాకియర్ 27 ఏళ్లు ఆ మాటలు పడ్డాడు. 1895 మార్చిలో లండన్‌లో విలియం రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త, యురేనియం ఉండే ఒక ఖనిజాన్ని ఆమ్లంలో వేసి వచ్చిన వాయువును పరీక్షించాడు. ఆయన వెతుకుతున్నది ఆర్గాన్‌ను. దొరికింది మాత్రం ఆ పసుపు గీత! అదే 587.6. అమెరికాలో హిల్లెబ్రాండ్ అనే ఆయన కొన్నేళ్ల ముందే ఈ వాయువును బయటకు తీశాడు గానీ, నైట్రోజన్ అనుకుని వదిలేశాడు. చేతిలో ఉన్నా చూసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

రాయిలోకి హీలియం ఎలా వచ్చింది? యురేనియం, థోరియం లాంటివి నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ ఆల్ఫా కణాలను వదులుతాయని మనం చదువుకున్నాం. ఆ ఆల్ఫా కణమే హీలియం కేంద్రకం. రూథర్‌ఫర్డ్ దీన్ని తేల్చాడు. అంటే పుట్టినరోజు బెలూన్‌లోని హీలియం కోట్ల ఏళ్లుగా భూమి లోపలి రాళ్లలో పుట్టి, సహజవాయువుతో కలిసి బయటికి వచ్చినది. గాలిలో మాత్రం పది లక్షల పాళ్లకు సుమారు 5 పాళ్లే ఉంటుంది. తేలిక కాబట్టి ఒకసారి వదిలితే పైకి పోయి చివరకు అంతరిక్షంలో కలిసిపోతుంది. మళ్లీ రాదు.

మండని గ్యాసు, గడ్డకట్టించే చలి

1903లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో డెక్స్‌టర్ అనే చిన్న ఊళ్లో గ్యాసు బావి పడింది. ఊరంతా సంబరం. ఉపన్యాసాలు ఇచ్చి, మంట వెలిగించి వేడుక చేద్దామనుకున్నారు. గ్యాసు మండలేదు, మంటే ఆరిపోయింది! జనం ఉసూరుమన్నారు. రెండేళ్ల తర్వాత యూనివర్సిటీలో పరీక్షిస్తే అందులో దాదాపు 2 శాతం హీలియం ఉందని తేలింది. అప్పటిదాకా చాలా అరుదు అనుకున్నది బావుల్లో దొరకడం మొదలైంది.

1908లో హాలెండ్‌లో కామర్‌లింగ్ ఆనెస్ హీలియంను చల్లబరచి ద్రవంగా మార్చాడు. అది మైనస్ 269 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర మరుగుతుంది. అంత చలిలో 1911లో పాదరసాన్ని పరీక్షిస్తే, కరెంటుకు ఏ అడ్డూ లేకుండా పోయింది. అదే అతివాహకత. ఈ గుణంతో చాలా బలమైన అయస్కాంతాలు చేయవచ్చు.

ఈ అయస్కాంతం మనకెందుకు అంటారా? ఊళ్లో ఎవరికైనా తలకు దెబ్బ తగిలితేనో, వెన్నులో నరం నొక్కుకుపోతేనో డాక్టర్లు ఎంఆర్ఐ తీయించమంటారు. గుండ్రటి సొరంగంలోకి పంపి తీస్తారే, ఆ యంత్రం. అందులోని అయస్కాంతాన్ని చల్లగా ఉంచేది ద్రవ హీలియమే. మామూలు యంత్రానికి వెయ్యి లీటర్లకు పైగా కావాలి. ఈమధ్య వచ్చిన కొత్త రకం యంత్రాలు కొద్ది లీటర్లతో పనిచేస్తున్నాయి. 1868లో గుంటూరు ఆకాశంలో గీతగా మెరిసిన వాయువు ఇవాళ అదే గుంటూరు ఆసుపత్రుల్లో మనుషుల వెన్నుపూసను చూపించడానికి సాయపడుతోంది. రాకెట్ల ఇంధన ట్యాంకుల్లో ఒత్తిడి నిలపడానికి కూడా హీలియం వాడతారు.

హాస్టల్ భోజనశాలలో వేరుగా కూర్చోబెట్టిన విద్యార్థి

ఇక్కడ చురుకైన తమ్ముడో చెల్లెలో ఒక ప్రశ్న వేయాలి. "అన్నా, సూర్యుడిలో అంత హీలియం ఉంటే ఫ్రాన్‌హోఫర్ చూసిన నల్లగీతల్లో అది ఎందుకు లేదు? జ్వాలల్లో మాత్రమే ఎందుకు కనబడింది?"

దీనికి దారి చూపినవాడు మన దేశస్థుడు మేఘనాథ్ సాహా. 1893లో ఢాకా దగ్గర ఒక పల్లెలో పుట్టాడు. తండ్రిది చిన్న కిరాణా కొట్టు. కొడుకు కొట్లో కూర్చుంటే చాలనుకున్న ఇల్లు. వేరే ఊళ్లో ఒక వైద్యుడు తన ఇంట్లో ఉంచుకుని భోజనం పెడితే పై తరగతులు చదివాడు. 1905లో బ్రిటిష్ గవర్నరు రాకకు నిరసనగా చెప్పుల్లేకుండా బడికి వెళ్లారని కొందరు విద్యార్థులను పంపించేశారు. వారిలో సాహా ఒకడు. స్కాలర్‌షిప్ కూడా పోయింది. అయినా చదివి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరి ఈడెన్ హిందూ హాస్టల్‌లో ఉన్నాడు. అక్కడ పైకులాల విద్యార్థులు అతను తమతో కలిసి భోజనం చేయడానికి ఒప్పుకోలేదు. కులం తక్కువ అన్నారు.

ఆ సాహాయే 1920లో ఒక సమీకరణం ఇచ్చాడు. ఒక మూలకం నక్షత్రంలో ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, అక్కడి వేడి, ఒత్తిడి ఎంత అన్నదాన్ని బట్టి కూడా దాని గీతలు కనబడతాయా లేదా అన్నది ఉంటుందని దాని సారాంశం. హీలియం పరమాణువు ఎలక్ట్రాన్లను చాలా గట్టిగా పట్టుకుని ఉంటుంది. సూర్యుడి ఉపరితలం మీది సుమారు 5500 డిగ్రీల వేడి దాన్ని కదిలించడానికి చాలదు. అందుకే ఉన్నా, లేనట్టే నిశ్శబ్దంగా ఉంటుంది. పైనున్న జ్వాలల ప్రాంతంలో పరిస్థితులు వేరు. అక్కడ దానికి కదలిక వచ్చి గీత వెలుగుతుంది. కనబడనంత మాత్రాన లేనట్టు కాదు, కనబడే పరిస్థితి రాలేదని అర్థం! భౌతికశాస్త్రంలోని ఈ మాట మన హాస్టళ్ల పిల్లలకూ సరిపోతుందని నాకు అనిపిస్తుంది.

ఆ సమీకరణాన్నే పట్టుకుని 1925లో సిసీలియా పేన్ అనే యువతి అమెరికాలో పరిశోధన చేసింది. నక్షత్రాల్లో ఎక్కువగా ఉన్నవి హైడ్రోజన్, హీలియంలేనని లెక్కలు తేల్చాయి. ఆమె ఇంగ్లండ్‌లో చదివిన కేంబ్రిడ్జి యూనివర్సిటీ ఆ రోజుల్లో ఆడవారికి డిగ్రీలే ఇచ్చేది కాదు. పేరున్న శాస్త్రవేత్త రసెల్ ఆమె ఫలితం సాధ్యం కాదన్నాడు. దాంతో ఆమె తన సిద్ధాంత గ్రంథంలో ఆ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని రాయాల్సి వచ్చింది. నాలుగేళ్లకు, 1929లో, అదే రసెల్ వేరే దారిలో లెక్కవేసి ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకున్నాడు. ఇవాళ మనకు తెలుసు. సూర్యుడి నడిబొడ్డున ప్రతి సెకనుకూ సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతోంది. అందులో మిగిలిన శక్తే మన ఎండ, మన పంట, మన వెలుగు.

మీరే చేసి చూడండి

దీనికి ల్యాబ్ అక్కర్లేదు. పాటలు అరిగిపోయిన పాత సీడీ ఒకటి చాలు. రాత్రిపూట గదిలో ఒకే దీపం ఉంచి, సీడీ మెరిసే వైపును కొంచెం ఏటవాలుగా పట్టుకుని చూడండి. పాతరకం ఫిలమెంటు బల్బు అయితే రంగులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి వరుసగా వస్తాయి. ట్యూబ్‌లైట్ అయితే కొన్ని రంగులు విడివిడిగా, ముక్కలుగా మెరుస్తాయి. అందులో పాదరసపు ఆవిరి సంతకం కూడా ఉంటుంది. ఎల్ఈడీ బల్బుతో కూడా పోల్చి, తేడా నోటుబుక్కులో రాసుకోండి. ఒక్క హెచ్చరిక. సూర్యుడి వైపు మాత్రం నేరుగా గానీ, సీడీతో గానీ చూడవద్దు. కళ్లు పోతాయి. గ్రహణం రోజున కూడా తగిన సోలార్ ఫిల్టర్ ఉన్న కళ్లద్దాలు లేకుండా చూడకూడదు.

గ్రహణం అంటే గుర్తొచ్చింది. 1980 ఫిబ్రవరి 16న మన ప్రాంతం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్లింది. ఆ రోజు భయంతో తలుపులు వేసుకుని కూర్చున్నామని మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అదే రోజు హైదరాబాద్ దగ్గర జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు ఒక్క క్షణం కూడా వృథా చేయకుండా సూర్యుణ్ణి పరిశీలించారు. ఒకే చీకటి. కొందరికి భయం, కొందరికి పని. ఆ రెండింటి మధ్య ఉన్న తేడా చదువే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అనాథ కూలి పిల్లవాడు ఫ్రాన్‌హోఫర్, బడి ముఖం సరిగా చూడని జాన్సెన్, గుమస్తా లాకియర్, పంక్తిలో చోటివ్వని హాస్టల్ నుంచి వచ్చిన సాహా, డిగ్రీ ఇవ్వని యూనివర్సిటీ నుంచి వచ్చిన పేన్. హీలియం కథలో నుంచి వీళ్లను తీసేస్తే కథే మిగలదు. వీళ్లలో ఎవరికీ వెనక పెద్ద ఆస్తి లేదు. ఓపికగా చూడడం, కొలవడం, రాసి పెట్టుకోవడం మాత్రం ఉన్నాయి. ఆ మూడింటికీ ఫీజు లేదు. పై తరగతుల్లో ఎంపీసీ, బైపీసీ తీసుకుంటే "మనవాళ్లకు అది రాదు" అని ఎవరైనా అంటే, ఆగస్ట్ కాంట్ అంత పెద్దాయన మాటే పాతికేళ్లు నిలవలేదని చెప్పండి. లైబ్రరీ అల్మరా తాళం వార్డెన్ సార్ దగ్గర ఉంటుంది. అడిగి తీయించుకోండి.